యోహాను సువార్తయందలి దైవజ్ఞానమార్గము: శబ్దార్థవిచారము

దేవునిఁ దెలిసికొనుట యెట్లను ప్రశ్నకుఁ బ్రతిమతమును దనదైన సమాధానమును జెప్పుచున్నది. క్రైస్తవమతము చెప్పు సమాధానము మాటలలో మిక్కిలి చిన్నది. గ్రహించువారికి మాత్రము కష్టమైనది. దేవుఁడు స్వభావముచే నగోచరుఁడు. ఆయనను యథార్థముగా నెఱుఁగుటకు మార్గము నజరేతువాఁడగు యేసు అను నొక పురుషుఁడు. ఇది యా మతముయొక్క ప్రతిజ్ఞ. మార్గమనఁగా నొక సాధనమో, నియమమో, శాస్త్రమో యని తలఁచువారికి, మార్గము పురుషుఁడనుట వింతగాఁ దోఁచును. క్రొత్తనిబంధనయందలి 27 గ్రంథములలో యోహాను సువార్త యీ ప్రతిజ్ఞను మిక్కిలి స్పష్టముగాఁ బ్రతిపాదించుచున్నది. అందలి నాలుగైదు ముఖ్యశబ్దములను విచారించినయెడల నా ప్రతిజ్ఞయొక్క స్వరూపమును, దానిపై వచ్చిన యాక్షేపములును, తెలుఁగున ననువదింపఁబడినపుడు దానికిఁ గలిగిన లాభనష్టములును దేటపడఁగలవు.

1. గ్రంథము

యోహాను సువార్త గ్రీకుభాషలో వ్రాయఁబడినది. క్రీ. శ. మొదటి శతాబ్ది చివర నిది యిప్పటి రూపమునఁ బూర్తియైనదని పెక్కురు పండితుల మతము. యేసు శిష్యుఁడగు యోహాను దీనిని ఎఫెసు పట్టణమున వెలువరించెనని రెండవ శతాబ్దివాఁడగు ఇరేనియసు చెప్పెను. కర్తృత్వవిషయమున నేఁటి విమర్శకులలో నేకాభిప్రాయము లేదు. మాంచెస్టరు నగరమందలి రైలెండ్సు గ్రంథాలయమున నున్న పపైరసు తునుక యొకటి యీ సువార్త ప్రతులలో మిక్కిలి ప్రాచీనమైనదిగాఁ బ్రసిద్ధి కెక్కినది. అఱచేతిలో నిమిడిపోవు నా తునుక 1935వ సంవత్సరమునఁ బ్రకటింపఁబడెను. లిపినిబట్టి దానిని రెండవ శతాబ్దిదిగాఁ జెప్పుదురు. మఱికొంత యర్వాచీనము కావచ్చునని సందేహించువారును గలరు.

రోమా యధికారియగు పిలాతు యేసును విచారించిన ఘట్టము ఆ తునుకయందుఁ గలదు. తాను సత్యమునకు సాక్ష్యమిచ్చుటకై వచ్చినట్లు యేసు చెప్పఁగా, సత్యమన నేమని పిలాతు ప్రశ్నించి, సమాధానమునకు నిలువక వెలుపలికిఁ బోయినది యీ ఘట్టముననే. సువార్తకారుని దృష్టిలో నా ప్రశ్నకు సమాధానము పిలాతు నెదుటనే నిలిచియున్నది. అధికారి సత్యమును గూర్చి యడిగెను. ఎదుట నున్నవానిని మాత్ర మెఱుఁగఁడయ్యెను. గ్రంథమంతయు నీ యభిప్రాయమునకు విస్తరమే.

2. వాక్యము

గ్రంథాదిని 18 వచనముల యుపోద్ఘాతము గలదు. యేసు పేరందు 17వ వచనము వఱకు రాదు. మొదట వచ్చునది ‘లోగోస్’ అను శబ్దము. సృష్టికిఁ బూర్వమే దేవునియొద్ద నున్నదియు, స్వయముగా దైవమైనదియు, సర్వసృష్టికి ద్వారమైనదియు నగు తత్త్వమున కది పేరు. ఈ శబ్దమునకు మాట, లెక్క, హేతువు, వివరణము, క్రమము అని పెక్కర్థములు గలవు. సువార్త పుట్టినదని చెప్పఁబడు ఎఫెసు పట్టణముననే క్రీ. పూ. 500 ప్రాంతమున హెరాక్లీటసను తత్త్వవేత్త, మాఱుచున్న జగత్తునందు మాఱని క్రమమునకు నీ పేరే పెట్టెను. స్టోయికులు దానిని విశ్వమంతట వ్యాపించిన బుద్ధిగాఁ జెప్పిరి. యేసు కాలముననే యలెగ్జాండ్రియాలో నున్న యూదుఁడగు ఫైలో, అగమ్యుఁడగు దేవునికిని జగత్తునకును నడుమ లోగోసును నిలిపెను. యూదుల గ్రంథములలోని ‘దాబార్’ అను హీబ్రూపదము గ్రీకున లోగోసు అయ్యెను. ఆ పదమునకు మాట యనియుఁ గార్యమనియు రెండర్థములు గలవు. దేవుఁడు పలుకుటయే చేయుట యను భావ మందిమిడియున్నది.

ఇన్ని యర్థములు గల శబ్దము నన్యభాషలోనికిఁ దెచ్చుట సులభము కాదు. లాటిను బైబిలున ‘వెర్బుం’ అను పదము వాడుకపడియుండఁగా, 1519లో నెరాస్మసు దానిని మార్చి, సంభాషణార్థము గల ‘సెర్మో’ అని ప్రకటించి పెద్ద వివాదమునకు గుఱియయ్యెను. చీనాభాషాంతరీకర్తలు తమ తత్త్వశాస్త్రమున మార్గమను నర్థము గల ‘దావ్’ శబ్దమును గ్రహించిరి. తెలుఁగున ‘వాక్యము’ నిలిచినది.

తెలుఁగు పండితునికి వాక్యమనఁగానే ఆకాంక్షాయోగ్యతాసన్నిధులు గల పదసమూహము స్ఫురించును. శబ్దతత్త్వమును బ్రహ్మముగాఁ బ్రతిపాదించిన భర్తృహరియు జ్ఞప్తికి వచ్చును. ఆ పోలిక కొంతదూరము నడచును, అటుపైని నడువదు. భర్తృహరిమతమున జగత్తు శబ్దతత్త్వముయొక్క వివర్తము. యోహానుమతమున వాక్యము జగత్తుగా భాసింపలేదు; ఒకానొక దేశకాలములయం దొక మనుష్యుఁడాయెను. ఈ భేదమును దెలుఁగు వ్యాకరణమే యొక చిత్రమైన రీతిని బయటఁ బెట్టుచున్నది. గ్రీకున లోగోసు శబ్దము పుంలింగము. కావున దానికిఁ బుంలింగసర్వనామము వచ్చుట కేవలము శబ్దానుశాసనము. తెలుఁగున వాక్యము అమహద్వాచకము. దానికి ‘అది’ యని రావలెను. అయినను తెలుఁగు భాషాంతరము రెండవ వచనముననే ‘ఆయన’ యని ప్రయోగించినది. పండితునిచెవి కిది వ్యాకరణదోషమువలెఁ దోఁచును. అర్థమునకు మాత్రము గుణమైనది. గ్రీకుపాఠకుఁడు 14వ వచనమునఁ గాని నిశ్చయింపలేని సంగతిని, అనఁగా వాక్యము పురుషుఁడను సంగతిని, తెలుఁగుపాఠకుఁడు రెండవ వచనముననే యెఱుఁగుచున్నాఁడు.

14వ వచనమున మాత్రము తెలుఁగు గ్రీకుకంటె మెత్తపడినది. మూలమున వాక్యము ‘మాంసమాయెను’ అను నర్థము గలదు. భాషాంతరమున ‘శరీరధారి’ యను పద మున్నది. ధరించినదానిని విడువవచ్చును, అయినదానిని విడుచుట యట్టిది కాదు. క్రీస్తు శరీరము కేవలాభాసమని చెప్పిన ప్రాచీనవాదులను నిరసించిన క్రైస్తవాచార్యులకు ‘ఆయెను’ అను క్రియయే బలమైన యాధారము. అదియుఁగాక యా వచనమున నివాసమును దెలుపు గ్రీకుక్రియకు ‘గుడారము వేసికొనుట’ యని యవయవార్థము. ఇశ్రాయేలీయు లరణ్యమునఁ దిరుగునపుడు దైవసన్నిధానమునకు నెలవైన ప్రత్యక్షగుడారమును స్మరింపఁజేయుటకే యా క్రియ ప్రయోగింపఁబడినదని వ్యాఖ్యాత లందురు. తెలుఁగున నా స్మరణ మణఁగిపోయినది.

3. ఎఱుఁగుట, నమ్ముట

ఈ సువార్తయం దొక విశేషము గలదు. జ్ఞానార్థకమగు ‘గ్నోసిస్’ అను నామవాచకము గ్రంథమునం దెచ్చటను లేదు. విశ్వాసార్థకమగు ‘పిస్టిస్’ అను నామవాచకమును లేదు. ఉన్నవి క్రియలే. నమ్ముట యను క్రియ యొక్కటియే 98 మాఱులు వచ్చినది. ఎఱుఁగుట యను నర్థము గల రెండు క్రియలును బలుమాఱులు వచ్చినవి. రహస్యజ్ఞానమే మోక్షమని యుద్ఘోషించువారు తలయెత్తుచున్న కాలమున జ్ఞానమను పదమును గ్రంథకర్త బుద్ధిపూర్వకముగా విడిచెనని యూహించువారు గలరు. హేతు వేదియైనను ఫలము స్పష్టము. ఇచ్చట జ్ఞానము సంపాదించి దాఁచుకొను ధనము కాదు. విశ్వాసము పఠించు సిద్ధాంతము కాదు. రెండును జీవించుచున్నంతకాలము సాగవలసిన వ్యాపారములు.

తెలుఁగున నీ యర్థమునకు రెండు ధాతువులు గలవు. ‘నా కాతని యూరు తెలియును’ అన్నపుడు తెలియఁబడు వస్తువే కర్త; తెలిసినవాఁడు షష్ఠియందు నిలుచును. ‘నే నాతని నెఱుఁగుదును’ అన్నపు డెఱిఁగినవాఁడే కర్త. మఱియు నట్టి ప్రయోగము పరిచయమును, సహవాసమును సూచించును. ఒకని యూరు, పేరు, వంశము తెలిసియు నాతని నెఱుఁగకుండుట లోకానుభవమే. హీబ్రూభాషయందలి ‘యాదా’ ధాతువు రెండవ యర్థమునకు సన్నిహితము. నిత్యజీవమనఁగా నేమో చెప్పుచు, సత్యదేవునిని ఆయన పంపిన క్రీస్తును జోడించిన 17వ యధ్యాయమందలి ప్రార్థనలో తెలుఁగు భాషాంతరీకర్తలు ‘ఎఱుఁగు’ ధాతువునే గ్రహించుట మిక్కిలి యుచితముగా నున్నది.

నమ్ముట యను గ్రీకుక్రియకుఁ బెక్కుచోట్ల ‘లోనికి’ అను నర్థము గల యుపసర్గ చేరినది. ఇది సామాన్యగ్రీకున నంతగాఁ గానరాని ప్రయోగము. ఒక సంగతిని నిజమని యొప్పుకొనుట వేఱు, ఒక వ్యక్తియందుఁ దన్నుఁ దాను నిలుపుకొనుట వేఱు. తెలుఁగున ‘ఆయనయందు విశ్వాసముంచు’ అను సప్తమీప్రయోగ మీ భేదమును గొంతవఱకు నిలిపినది. విశ్వాసశబ్దమునకు శ్వసించుట మూలము. భయము తొలఁగి నెమ్మదిగా నూపిరి పీల్చుట దాని మొదటి యర్థము. ఈ యర్థమును మఱవనిచో విశ్వాసము జ్ఞానమునకు విరోధి యను శంకకుఁ దావుండదు. భయపడువాఁడు దూరమున నుండియే చూచును. నమ్మినవాఁడే దగ్గఱకు వచ్చి యెఱుఁగును.

దీనికి దృష్టాంతముగా 9వ యధ్యాయమున నొక కథ గలదు. పుట్టుగ్రుడ్డియగు భిక్షకునికి యేసు చూపిచ్చెను. ఇరుగుపొరుగువా రడిగినపుడు వాఁడు, యేసను పేరుగల మనుష్యుఁడొకఁడు బాగుచేసెననెను. పెద్దలు విచారించినపుడు, ఆతఁడు ప్రవక్త యనెను. మరల నిలువఁదీసినపుడు, దేవునియొద్దనుండి వచ్చినవాఁడు కానిచో నిట్టిపని చేయలేఁడని వాదించి, సమాజమునుండి వెలివేయఁబడెను. తుదకు యేసు ప్రత్యక్షమైనపుడు నమ్మి మ్రొక్కెను. ఈ కథలో ‘మే మెఱుఁగుదుము’ అను మాట పదేపదే పలుకువారు శాస్త్రజ్ఞులు. భిక్షకుఁడు తా నెఱిఁగినది యొక్కటియే, తనకుఁ జూపు వచ్చినదని మాత్రము చెప్పును. చూపు వచ్చినవాని యెఱుక పెరుగుచుండఁగా, ఎఱుఁగుదుమన్నవారి చూపు తగ్గుచు వచ్చును. శాస్త్రము నిందింపఁబడలేదు, ఎఱిఁగితిమను నిశ్చయమే యెఱుకకు నడ్డమగుట చూపఁబడినది. పండితులు చదివి యాలోచింపఁదగిన యధ్యాయ మిది.

4. మార్గము

గీతాశాస్త్ర మెఱిఁగినవారికి జ్ఞానమార్గము, భక్తిమార్గము, కర్మమార్గము అను విభాగము సుపరిచితము. అందు మార్గమనఁగా సాధకుఁ డవలంబించు పద్ధతి. యోహాను 14వ యధ్యాయమున మార్గశబ్దము వేఱువిధముగా వాడఁబడినది. అది యేసు మరణమునకు ముందటి రాత్రి. తాను పోవుచోటికి మార్గము మీ రెఱుఁగుదురని యాయన శిష్యులతోఁ జెప్పెను. తోమా యనువాఁడు, గమ్యమే తెలియనపుడు మార్గ మెట్లు తెలియునని యడిగెను. ప్రశ్న తర్కసమ్మతమైనదే. సమాధానముగా యేసు దారినిఁ జూపక, తానే మార్గమును, సత్యమును, జీవమును నని చెప్పి, తండ్రియొద్దకు మఱియొక ద్వారము లేదనెను. ఫిలిప్పనువాఁ డంతటఁ దృప్తిపడక, తండ్రినిఁ జూపినచోఁ జాలునని వేఁడెను. తన్నుఁ జూచినవాఁడు తండ్రినిఁ జూచినట్లే యని యేసు బదులిచ్చెను.

ఈ సంభాషణమును ముందటి యధ్యాయముతోఁ గలిపి చదువవలెను. ఆ రాత్రియే యేసు భోజనమునుండి లేచి, నడుమునకుఁ దువాలు కట్టుకొని, పళ్లెములో నీరు పోసి శిష్యుల పాదములు కడిగెను. అది దాసులు చేయు పని. పేతురు తన పాదములు కడుగనీయనని త్రోసిపుచ్చఁజూచుట యందుచేతనే. తన్నుఁ జూచినవాఁడు తండ్రినిఁ జూచెనను మాటకు నర్థ మిపుడు గోచరించును. పాదములు కడుగువానియందుఁ గానవచ్చినది దేవుని స్వభావమేయని యీ గ్రంథము చెప్పుచున్నది. దేవుఁ డున్నాఁడా యనునది యిచ్చటి ప్రశ్న కాదు. దేవుఁ డెట్టివాఁడనునదే ప్రశ్న.

ఇదే భావమును సువార్తకారుఁడు శ్లేషచే సాధించినాఁడు. మూఁడుచోట్ల యేసు తాను ‘పైకెత్తఁబడుటను’ గూర్చి చెప్పును. ఆ గ్రీకుక్రియకు సిలువపై నెత్తఁబడుట యనియు, మహిమచే నున్నతిఁ బొందుట యనియు రెండర్థములు. రెండును బ్రకృతములే, ఒకటి దాఁచి యొకటి చెప్పుట కాదు. నేరస్థుని మరణమే రాజుయొక్క పట్టాభిషేకమని చెప్పుట కింతకంటెఁ జిన్నమాట దొరకదు. తెలుఁగున ‘ఎత్తు’ ధాతువు కొంతవఱకీ భారమును మోయఁగలిగినది. 3వ యధ్యాయమందలి శ్లేషలకు మాత్ర మట్టి యదృష్టము పట్టలేదు. అచ్చటి యొక పదమునకు ‘మరల’ యనియు ‘పైనుండి’ యనియు నర్థములు. తెలుఁగు ‘క్రొత్తగా’ యని యొకదానినే గ్రహించినది. గాలికిని ఆత్మకును గ్రీకున నొక్కటే పదము. తెలుఁగున రెండు పదము లైనందున శ్లేష భగ్నమై, ఉపమాలంకారముగా మిగిలినది.

5. ఆక్షేపములు, సమాధానములు

ఈ ప్రతిజ్ఞపై వచ్చిన యాక్షేపములలో మొదటిది క్రైస్తవసంఘమునందే పుట్టినది. నాలుగవ శతాబ్ది యారంభమున నలెగ్జాండ్రియా పురోహితుఁడగు ఆరియసు, కుమారుఁడు సృష్టిలో శ్రేష్ఠుఁడే కాని దేవునితో సమానతత్త్వము గలవాఁడు కాఁడనెను. తండ్రి కుమారునికిని సంపూర్ణముగా గోచరింపఁడని యాతఁడు చెప్పినట్లు ప్రతివాదియగు అథనేసియసు వ్రాసెను. ఇందలి ప్రమాదమును గ్రహించుట కష్టము కాదు. కుమారుఁడే తండ్రిని బూర్తిగా నెఱుఁగనిచో, కుమారుని ద్వారమున నెఱిఁగినవా రెఱిఁగిన దేమి? అట్లైన దేవుఁడు యేసునం దొకవిధముగాను, తనయం దింకొకవిధముగాను నుండవచ్చును. 325వ సంవత్సరమున నికయా నగరమున సమావేశమైన సభ ‘హోమోఊసియోస్’, అనఁగా తండ్రితో నేకతత్త్వము గలవాఁడు, అను పదమును విశ్వాసప్రమాణమునఁ జేర్చెను. తరువాత నొక యక్షరము చేర్చి ‘హోమోయిఊసియోస్’, అనఁగా సదృశతత్త్వము గలవాఁడు, అని సవరింపఁజూచినవారు గలరు. 381లో కాన్‌స్టాంటినోపులు సభ మొదటి సిద్ధాంతమునే స్థిరపఱచెను. ఒక్క యక్షరమునకై యింత కలహమా యని పరిహసించుట సులభము. కాని శబ్దశాస్త్ర మెఱిఁగినవారికి ఒక వర్ణమున నర్థమంతయుఁ దలక్రిందులగుట నవ్వులాటగాఁ దోఁపదు.

రెండవ యాక్షేపము: అనంతుఁడగు దేవుఁ డొక మనుష్యునియందుఁ దెలియఁబడినచో నగోచరుఁ డెట్లగును? కప్పదొకియాకుఁ జెందిన బెసిలు, ఆతని తమ్ముఁడగు నిస్సా గ్రెగొరీ యను నాలుగవ శతాబ్ది యాచార్యులు దీనికి సమాధానము చెప్పిరి. దేవుని స్వరూపము బుద్ధికందనిది; ఆయన వ్యాపారములచేతనే యాయన నెఱుఁగుదుము. మోషే కొండనెక్కి చీఁకటిలోఁ బ్రవేశించిన కథను గ్రెగొరీ యీ భావమున వ్యాఖ్యానించి, దగ్గఱకుఁ బోయినకొలఁది దేవుఁడు బుద్ధికి మించినవాఁడని తెలియుటయే దర్శనమనెను. ఉపనిషత్తులందలి నిషేధముఖోపదేశము నెఱిఁగినవారి కిది యపరిచితము కాదు. భేదమేమన, ఇచ్చట నిషేధముతో విచారము ముగియదు; బుద్ధి కందనివాఁడే మనుష్యరూపమునఁ జేతికందెనని క్రైస్తవులు చెప్పుదురు.

మూఁడవ యాక్షేపము భారతీయులకు మిక్కిలి సమీపమైనది. యేసు పేరు విననివారి గతి యేమి? ఇతరమార్గములం దున్న సత్యము సత్యము కాదా? 14వ యధ్యాయమందలి మాటనే చూచి, క్రీస్తునందుఁ దప్ప దైవప్రకాశనము లేదని దృఢముగాఁ జెప్పినవారిలో స్విట్జర్లండు దేశీయుఁడగు కార్లు బార్తు (1886–1968) ముఖ్యుఁడు. ఉపోద్ఘాతమున వాక్యము ప్రతిమనుష్యునిని వెలిగించు వెలుఁగని చెప్పఁబడుటను బట్టి రెండవ శతాబ్దివాఁడగు జస్టిను వేఱువిధముగా సమాధానము చెప్పెను. వాక్యముయొక్క బీజములు సర్వజాతులందును విత్తఁబడినవనియు, వాక్యానుసారముగా జీవించిన సోక్రటీసు, హెరాక్లీటసు మొదలగువారును క్రైస్తవులే యనియు నాతని మతము. 1965లో ద్వితీయ వాటికను మహాసభ యితరమతములందు సత్యమును బవిత్రమును నైనదానిని దేనినిఁ దిరస్కరింపమని ప్రకటించెను. ఒకే గ్రంథమునందలి రెండు వచనము లీ రెండు పక్షములకు మూలములు. రెంటిని విడువక సమన్వయించుట క్రైస్తవపండితులకు నేఁటికిని బని కల్పించుచునేయున్నది.

6. తెలుఁగుదేశమున

ఈ శబ్దములు తెలుఁగునకు వచ్చిన చరిత్ర దీర్ఘమైనది. 18వ శతాబ్ది పూర్వార్ధమున షుల్జ్ అను జర్మను మిషనరీ చేసిన భాషాంతర మచ్చు కాలేదు. 1805లో విశాఖపట్టణము చేరిన క్రాను, డెస్ గ్రాంజెసు అనువారి ప్రయత్నమునకు ఆనందరాయఁడను బ్రాహ్మణక్రైస్తవుఁడు తోడ్పడెను. మొదటి మూఁడు సువార్తలును 1812లో శ్రీరామపురమున నచ్చయినవి. ప్రిచ్చెటు సిద్ధపఱచిన క్రొత్తనిబంధన 1818లో మద్రాసున వెలువడెను.

గద్యభాషాంతరము లచ్చగుటకుఁ బూర్వమే, 18వ శతాబ్దిలో, మంగళగిరి యానందకవి క్రీస్తుకథను బ్రబంధముగా రచించి ‘వేదాంతరసాయనము’ అని పేరు పెట్టెను. 1803లో జన్మించిన పురుషోత్తమచౌదరి కీర్తనలు నేఁటికిని దేవాలయములందుఁ బాడఁబడుచున్నవి. జాషువ క్రీస్తుచరిత్రకు 1964లో కేంద్రసాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తమిళదేశమున ఎ. జె. అప్పసామి 1927లో యోహాను గ్రంథములను భక్తిమార్గముగా వ్యాఖ్యానించెను. చక్కరై యనునాతఁడు యేసును అవతారమను పేరనే వివరించెను. అవతారపదము గ్రహించువారికిఁ దెలుఁగువారి హృదయము తెఱచుకొనును. కాని యుగయుగమున సంభవించుననుట క్రైస్తవసిద్ధాంతమునకు సరిపడదు, అది యొక్కమాఱే యని చెప్పుచున్నది. కుమారునికి విశేషణమగు గ్రీకుపదమునకుఁ దెలుఁగున ‘అద్వితీయ’ యను పదము కుదిరినది. ఉపనిషత్తు బ్రహ్మమునకు వాడిన పదము కుమారునకుఁ జెందుట యాదృచ్ఛికమైనను సార్థకము.

ఆ విశేషణము గల 18వ వచనముతో నుపోద్ఘాతము ముగియుచున్నది. దేవుని నెవ్వఁడును జూడలేదని యందుఁ జెప్పి, కుమారుఁడే యాయనను బయలుపఱచెనని సువార్తకారుఁడు ముగించెను. ఇచ్చటఁ బ్రాచీనప్రతులలోఁ గొన్నింట ‘కుమారుఁడు’ అనియుఁ గొన్నింట ‘దేవుఁడు’ అనియుఁ బాఠభేదము గలదు. తెలుఁగు భాషాంతరము మొదటిదాని ననుసరించినది. ‘బయలుపఱచు’ అని తెలుఁగైన క్రియకు గ్రీకున వివరించుట, వ్యాఖ్యానించుట యని యర్థము. పాశ్చాత్యులు వ్యాఖ్యానశాస్త్రమునకుఁ బెట్టిన పేరుగూడ నా క్రియనుండియే పుట్టినది. వాక్యముతో నారంభించిన యుపోద్ఘాతము వ్యాఖ్యతో ముగిసినది. వాక్యమును వ్యాఖ్యాతయు నొక్కరే. మూలము దుర్గ్రహమైనపుడు పండితుఁడు వ్యాఖ్యానము నాశ్రయించును. దేవుఁడు దుర్గ్రహుఁడైనపుడు యేసు జీవితమును, మరణమును నాశ్రయింపవలెనని యోహాను సువార్త చెప్పుచున్నది. ఆ వ్యాఖ్యానము ప్రమాణమగునా కాదా యనునది యొక్కొక్క పాఠకుఁడు తనకుఁ దానే నిర్ణయించుకొనవలసిన విషయము. అది యేమి చెప్పుచున్నదో శబ్దశుద్ధితోఁ దెలిసికొనుట సర్వులకును సమానమైన ధర్మము.